పంతొమ్మిది ముక్కలతో ఎమ్మిగనూరుకు

మా దర్శకులు సినిమా సగంలో ఉండగానే కన్నుమూశారు. కథ వ్రాసుకున్న పుస్తకం దొరకలేదు. శబ్దం లేని పంతొమ్మిది ముక్కల ఫిల్ము మిగిలింది. రాత్రి బడిలో చదివి పట్టా పుచ్చుకుని, మద్రాసులో పదిహేనేళ్లుగా ఎడిటింగు చేస్తున్న నేను వాటిని వరుసపెట్టాను. చిత్రం నేతగాని భార్య నవ్వుతో మొదలై ఆమె ఏడుపుతో ముగిసింది. ఈ ఏడుపు ఎవరు చూస్తారని సినిమా కంపెనీ యజమాని విసుక్కున్నారు. శనివారంలోగా వేరే ముగింపు చూపకపోతే ఫిల్మును కరిగించి గాజులు చేసేవారికి ఇచ్చేస్తానన్నారు. ముక్కకొక బొమ్మ చొప్పున కత్తిరించి, కవరులో పెట్టుకుని, చిత్రం తీసిన ఊరికి బయలుదేరాను.

మెయిలు రైలు ఉదయం ఏడింటికి ఆదోని చేరింది. స్టేషను ఎదుట హోటల్లో ఉగ్గాని తిని, ఎనిమిదిన్నర బస్సెక్కాను. టిక్కెట్టు పది అణాలు. పత్తి బస్తాల పక్కన నాకు చోటిచ్చిన డ్రైవరు, నా పని విని, "ఆ సారు నెల దినాలు ఈ బస్సులోనే తిరిగినాడప్పా, ఈరన్న మగ్గం కాడికి" అన్నాడు. పది కాకముందే ఎమ్మిగనూరులో దిగాను.

ఈరన్న గుంతమగ్గం మీద నేస్తున్నాడు. పక్కన నూలు కండెలు చుడుతున్న అతని భార్య నాగమ్మే మా చిత్రంలోని ఇల్లాలు. ముందు నవ్విందా, ఏడ్చిందా అని అడిగితే ఆమెకు గుర్తులేదు.

"నవ్వమంటే నవ్వినా, ఏడ్వమంటే ఏడ్సినానన్నా. ఈయన మొగం చూస్తే ఏడుపు దానంతటదే వచ్చె."

ఈరన్న ఆ మాట పట్టించుకోకుండా బొమ్మలను వాకిలి వెలుతురులో ఒక్కొక్కటే చూశాడు.

"మీరు మొగాలు చూస్తాండారప్పా. నేసిన గుడ్డ చూడండి. ఇది ఏడ్సేటప్పుడు చీర రెండు మూరలే ఉండాది. నవ్వేటప్పుడు కొంగు కాడికొచ్చినా. కథ ఎంత జరిగితే అంతే నేయమన్నాడు ఆ సారు. నేసిన చీర ఎనక్కి పోదు కదప్పా."

కథంతా ఒక్క రోజుదనుకుని, ఎండనుబట్టి ఉదయం ముందు, సాయంత్రం తరువాత పేర్చిన నా విద్య అక్కడ తేలిపోయింది. ముగ్గురం నేలమీద కూర్చుని మూరల లెక్కన బొమ్మలు పేర్చాం. చివరి బొమ్మలో కొంగు పూర్తయింది, నాగమ్మ నవ్వుతోంది.

ఆ వరుసలోనే మళ్లీ అతికించిన చిత్రాన్ని శనివారం యజమాని చూశారు. ఫిల్ము డబ్బాలను బీరువాలో పెట్టించి, తాళంచెవి నా చేతికిచ్చారు.

పదిహేనేళ్లు మనుషుల ముఖాలే చూసినవాడిని. వారి చేతిలోని పని కూడా కథ చెబుతుందని ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఎమ్మిగనూరు మగ్గాలు చూడదలచినవారు ఎనిమిదిన్నర బస్సుకే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే ఆ వాకిలిలో వెలుతురు చాలదు.