నేను తుడిచేసిన సున్నా

నాలుగేళ్ళకు పైగా ఒక చాక్‌పీసు గీత బరువు మోస్తున్నాను. గీతకు బరువేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

పాప పడుకుంది. నుదురు ఇంకా వెచ్చగానే ఉంది. పది నిమిషాలకోసారి లేచి చూస్తున్నాను. చిన్న దగ్గు వినిపించినా గుండె జారిపోయే మనిషిని నేను. చూసి రావడం, రెండు వాక్యాలు రాయడం, మళ్ళీ వెళ్ళి చూడటం. నా పేరు రాయను. తప్పు నాదేనని ఈ రోజు మా ఊరందరికీ తెలిసింది. ఊరికి మూడు ముక్కల్లో చెప్పాను. మీకు మొత్తం చెప్పాలి.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలం అది. మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర చిన్న ఊరు. నాకు ఎనిమిదో నెల. అమ్మవాళ్ళది మహబూబాబాద్ వైపు. లాక్‌డౌన్ కదా, రాలేని పరిస్థితి. అత్తామామలు లేరు. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు లారీ నడిపేవాడు. ఒక సాయంత్రం జ్వరంతో ఇల్లు చేరాడు.

మా ఊరి ఆశా కార్యకర్త సరోజనక్క అప్పుడు ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసేది. ఊళ్ళో చాలామంది పెద్దవాళ్ళకు చదువు రాదని తనే ఒక పద్ధతి పెట్టింది. జ్వరం లేని ఇంటి గడప పక్కన, గోడ మీద టిక్కు. జ్వరం ఉంటే సున్నా. సున్నా ఉన్న ఇంటి వాకిట్లోకి కూడా పోవద్దని గొంతు పోయేలా అందరికీ చెప్పింది. మా గోడ మీద సున్నా గీసి, మందుల కిట్ ఇచ్చి, నన్ను వేరే గదిలో పడుకోమంది. పద్నాలుగు రోజులు, అంది.

పద్నాలుగు రోజులు! ఈలోపు నొప్పులు వస్తే? ఆ సున్నాను చూసి ఎవరు గడప దాటుతారు? వాకిట్లోకి వచ్చినప్పుడల్లా అది నావైపే చూస్తున్నట్టుండేది. జ్వరం కన్నా నాకు దానికే భయమేసింది.

శుక్రవారం గడప కడిగి పసుపు రాస్తాం కదా. సున్నా పెట్టిన మర్నాడే వచ్చిన ఆ శుక్రవారం, తెల్లవారగానే, తడిగుడ్డ గడప మీది నుంచి గోడ మీదికి ఎప్పుడు పోయిందో తెలియలేదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అబద్ధం. గల్లీ అటు చూశాను, ఇటు చూశాను. ఎవరూ లేరు. తుడిచాను. అక్కడితో ఆగినా బాగుండేది. లోపలికి వెళ్ళి, ముగ్గులు గీసుకునే సుద్దముక్క తెచ్చి, సున్నా ఉన్నచోటే టిక్కు పెట్టాను. డిగ్రీలో వైరస్‌ల గురించి రాసి మంచి మార్కులు తెచ్చుకున్న చెయ్యి అది.

ఎదురింటి రాజవ్వ ఒంటరి మనిషి. అక్షరం రాదు. కానీ సరోజనక్క గీతలను ఆమె పాటించినట్టు ఊళ్ళో ఇంకెవరూ పాటించలేదు. టిక్కు చూసి, ఆ మధ్యాహ్నం నూనె గిన్నెతో వచ్చింది. కడుపుతో ఉన్న పిల్ల తల ఎండిపోయిందని వెనక కూర్చుని నూనె రాసి, చిక్కు తీసి, జడ వేసింది. లోపలి గదిలో మా ఆయన దగ్గు ఆపుకుంటున్నాడు. నేను రావద్దనలేదు. ఎందుకనలేదు? మాట రాకనా? కాదు. ఆ చేతులు నా తల మీద ఉండాలనే సున్నా తుడిచాను. జబ్బు దాచడానికని ఇన్నేళ్ళూ అనుకున్నాను కానీ, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది, నాకు మనిషి కావలసి వచ్చింది. అది చిన్న కోరికే. దాని కోసం నేను చేసింది చిన్నది కాదు.

రెండు రోజులకు నాకూ నోటికి రుచి పోయింది, పచ్చిపులుసు నీళ్ళలా అనిపించింది. వారం తిరిగేలోపు రాజవ్వకు జ్వరం, ఆయాసం. సరోజనక్కే అంబులెన్సులో పక్కన కూర్చుని జనగామ దవాఖానకు తీసుకుపోయింది. దారిలో రాజవ్వ, తాను టిక్కు ఉన్న ఇంటికి తప్ప ఎక్కడికీ పోలేదని ఒట్టు పెట్టి మా ఇంటి సంగతి చెప్పిందట.

మర్నాడు సరోజనక్క మా వాకిలి బయట నిలబడింది. మాస్కు పైన కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఒకసారి గోడను, ఒకసారి చేతిలోని రిజిస్టరును చూసుకుంది.

"చెల్లె, మీ ఇంటికి నేను సున్నానే పెట్టిన గద?"

"యాదికి లేదక్కా."

"బుక్కుల సున్నానే ఉన్నది. గోడకు టిక్కున్నది." రిజిస్టరు మూసింది. "ఇండ్లు తిరిగి తిరిగి నా చెయ్యే తప్పినట్టున్నది."

నేను తల దించుకున్నాను. అప్పుడు ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లోనే ఉంది. నాలుగేళ్ళు నోట్లోనే ఉంది.

ఆ సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు దూరం దూరంగా నిలబెట్టిన జనానికి ఆమె తన తప్పని ఒప్పుకుంది. తిట్టారు. జబ్బు మోసుకొచ్చేదే ఆమె అన్నారు. ఆమె నీళ్ళు తాగిన గ్లాసు ఒకరు బయట పారేశారు. ఇంకొకరైతే ఇంట్లో కూర్చునేవారు. మర్నాడు ఆమె గోడలకు పూసే ఎర్రమట్టి జాజు కలిపిన డబ్బాతో వచ్చింది. ఎర్రటి జాజును తడిగుడ్డతో తుడిస్తే పోదు, మరకవుతుంది, తుడిచిన సంగతి ఊరికి తెలుస్తుంది. ఎవరి మీదో అనుమానంతో కాదు, తన చేతి మీద అనుమానంతోనే ఇంకో నియమం కూడా పెట్టుకుంది. గుర్తు పెట్టే ముందు ఆ ఇంటివాళ్ళలో ఒకరిని పిలిచి, "సున్నా పెడుతున్న, సూడుండ్రి" అని పైకి చెప్పి గీసేది.

ఆ ఎర్ర సున్నాలు మా ఊరిని కాపాడాయి. ఎవరి ఇంటికి పోవాలో, ఎవరి వాకిట్లో బియ్యం, కూర పెట్టి రావాలో వాటిని చూసే తెలుసుకున్నాం. రాజవ్వ ఆక్సిజన్ మీద రోజులు గడిపి, చిక్కి సగమై, తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ వచ్చింది. నాకు నొప్పులు వచ్చిన తెల్లవారుజామున అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుంది సరోజనక్కే. సున్నా ఉన్నా వచ్చేది. మరి నేను భయపడింది దేనికి? ఊళ్ళో చివరి సున్నా పక్కన ఆమె టిక్కు పెట్టిన రోజు పిల్లలు పళ్ళాలు వాయించారు. మా ఊరు ఒక్క ప్రాణాన్నీ పోగొట్టుకోలేదు. ఆ జాజు పద్ధతి బచ్చన్నపేట వైపు ఊళ్ళకూ పోయింది. జనగామలో ఆమెకు శాలువా కప్పారు. తన తప్పే తనకు పాఠం నేర్పిందని ఆమె మైకులో చెప్పింది. నేను చంటిపిల్లతో కింద కూర్చుని చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను.

ఈ వానాకాలం మళ్ళీ జ్వరాలు. మా పాపకూ వచ్చింది. ఈ రోజు పొద్దున సర్వే మొదలు పెట్టడానికి పంచాయతీ ఆఫీసు ముందు అందరం చేరాం. అంతకుముందు వార్డు మెంబరుగా చేసిన ఒకాయన ఎప్పటి జోకే వేశాడు.

"అక్కా, జర సక్కగ గియ్యి. మల్ల రాజవ్వను దవాఖాన పాలు జేస్తవ్."

అందరూ నవ్వారు. సరోజనక్క కూడా నవ్వింది. కుడిచేతిని చీర కొంగులో దాచుకుంటూ నవ్వింది. ఆ చెయ్యి దాచుకోవడం నేను అంతకుముందెన్నడూ గమనించలేదు. లేక చూడకుండా ఉన్నానా?

"ఆ టిక్కు అక్క పెట్టలే," అన్నాను. "నేను పెట్టిన. సున్నా తుడిచి నేనే పెట్టిన."

ముందుగా తేరుకుంది రాజవ్వ. "గందుకేనా," అంది, "గా టిక్కు ముగ్గు లెక్క సక్కగుండె. సరోజనవన్ని వంకర గీతలు." ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. రాజవ్వ నా దగ్గరికొచ్చి, నా ముఖంలోకి చూసింది. "నన్ను సంపేదానివి గద, బిడ్డా," అంది మెల్లగా.

సరోజనక్క కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి, అరచేయి, వెనకవైపు తిప్పి చూసుకుంది, చాన్నాళ్ళకు ఇంటికొచ్చిన మనిషిని చూసుకున్నట్టు. డబ్బా అందుకుని నడిచింది. వెనకే మేమంతా. మొదటి ఇంటి దగ్గర ఎవరినీ పిలవలేదు. ఏం పెడుతోందో పైకి చెప్పలేదు. ఒక్క ఊపులో గీసింది. రెండో ఇల్లు, మూడో ఇల్లు. గల్లీ పొడుగునా తలెత్తుకుని, ఎర్రగా, తన వంకర గీతలతోనే.

మా ఇంటికీ వచ్చింది. పాపకు మందిచ్చింది, దాని గడ్డం పట్టుకుని నవ్వించింది. నేను పెట్టిన చాయ్ ముట్టుకోలేదు. గోడ మీద సున్నా గీసి వెళ్ళిపోయింది. ఇకముందు మా ఇంట్లో చాయ్ తాగుతుందో లేదో తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆమె చెయ్యి ఆమెకు తిరిగొచ్చింది. అది నా కళ్ళతో చూశాను. ఆ సంతోషం నాది కాకపోయినా, దాని వెంట నా ఊపిరి కూడా కొంచెం తేలికైంది.

పాప నుదురు ఇప్పుడే చూసి వచ్చాను. చెమట పట్టింది, చల్లబడుతోంది.

రేపు శుక్రవారం. గడప కడగాలి. గోడకు చుక్క నీరు తగలకుండా కడుగుతాను.