చాట పరీక్ష

గత ఫిబ్రవరి పదకొండో తేదీ ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు పర్చూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, వీడికి రాత్రి పన్నూడింది. నెత్తురు ఇంకా ఆగలేదే," అంది. ఊడింది పాలపన్ను, దాని కొడుక్కి ఆరేళ్ళు. ఆ వయసులో పిల్లలందరికీ పళ్ళూడతాయి గాని, ఎవరూ తెల్లవారేదాకా దిండు తడపరు. వెంటనే గుంటూరు బయలుదేరమని చెప్పి పెట్టేశాను. అమ్మను తీసుకుని నేనూ బయలుదేరాను. ఒక్క పంటికి అంత కంగారు ఎందుకో చెప్పాలంటే మా పెద్దమామయ్య గురించి చెప్పాలి.

అమ్మకు అన్న అయిన ఆయన, మిరపచేలో పండుకాయ కోసుకు రమ్మంటే బుట్టనిండా పచ్చికాయ తెచ్చేవాడు. "ఏందండీ అబ్బాయిగారూ, ఊరందరికీ బజ్జీలా?" అని కోతకొచ్చిన ఆడవాళ్ళు నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు, ఎరుపూ పచ్చా తనకు ఒకే రంగని బయట ఎవరికీ చెప్పుకోలేదు. ఒకనాడు పత్తిచేనుకు నీరు మళ్ళిస్తుండగా పార కాలికి తగిలింది. చిన్న గాయమే. పసుపు అద్దారు, గుడ్డలు మార్చారు. మూడో రోజుకు మనిషి లేడు. అంతకు ముందు అమ్మమ్మ తమ్ముడూ అంతేనట: రంగు తెలియదు, నెత్తురు ఆగదు. చిన్నమామయ్యకు ఆ రెండూ లేవు. ఈనాటికీ చేను వదలడు.

ఈ మూడు బతుకుల నుంచి అమ్మ ఒక పరీక్ష తయారుచేసింది. ఇంట్లో మగపిల్లవాడికి నాలుగేళ్ళు రాగానే, చాటలో పండుమిరపకాయలూ పచ్చివీ కలిపి పోసి, వేరు చేయమనేది. ముందు నా కొడుకు గట్టెక్కాడు. వాడికి నిజంగానే ఏ లోపమూ లేదు. చెల్లెలి కొడుకు వంతు వచ్చిన రోజు మేమందరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వాడు ఒక్కటీ తప్పకుండా ఏరి, ఆ చేత్తోనే కన్ను నులుముకుని ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. మనవడు ఏడుస్తుంటే అమ్మ నవ్వడం ఆ ఒక్కసారే చూశాను.

అసలు ప్రమాదం ఆ నవ్వుతోనే మొదలైందని ఇప్పుడు తెలుస్తోంది. వాడి మోకాళ్ళు ఊరికే నల్లగా కమిలేవి. సూది వేసిన చోట వారం దాకా వాపు దిగేది కాదు. చెల్లెలు చూపించిన ప్రతిసారీ అమ్మది ఒకటే మాట: "ఎర్రకాయ ఏరినోడికి ఏమీ కాదే. ఊరికే హడలిపోమాక." మేమూ నమ్మాం.

గుంటూరులో డాక్టరమ్మ ఇంజెక్షన్లు చేయించి, నెత్తురు నిలిచాక, మా కథంతా ఓపికగా విన్నది. "మీ అమ్మగారు చూసింది అబద్ధం కాదండి. ఆ రెండు లోపాల జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే తల్లి నుంచి కొడుక్కి దాదాపు ఎప్పుడూ కలిసే వస్తాయి. కానీ తల్లి దగ్గర ఆ క్రోమోజోములు రెండుంటాయి, ఒకటి మంచిది, ఒకటి లోపమున్నది. అండం తయారయ్యేటప్పుడు అవి ముక్కలు మార్చుకుంటాయి. ఎప్పుడో ఒకసారి ఆ తెగడం సరిగ్గా ఈ రెండింటి మధ్య పడుతుంది. మీవాడికి రంగుల చూపు మంచిదాంట్లోంచి వచ్చింది, నెత్తురు లోపం రెండోదాంట్లోంచి వచ్చింది."

అమ్మ, "అయితే ఇంక దేన్ని చూసి తెలుసుకోవాలమ్మా?" అని అడిగింది.

"రక్తపరీక్షేనండి. ఇంకేదీ చూడొద్దు."

చెల్లెలికి అప్పుడు ఐదో నెల. ఆ సంగతి గదిలో అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. డాక్టరమ్మనే అడిగాం. కొడుకే పుడితే లోపం రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశమట. పుట్టగానే బొడ్డుతాడు నెత్తురు పరీక్షకు పంపుతామన్నారు.

పోయినవి: ఒక పాలపన్ను, వైద్యం మొదలుపెట్టాల్సిన రెండేళ్ళు, అమ్మ నిశ్చింత. మిగిలినవి: పిల్లవాడు, చెల్లెలి ఇంట ఫ్రిజ్‌లో నెత్తురు ఆపే మందు సీసాలు నాలుగు. ఈరోజుకు ఆమెకు ఎనిమిదో నెల. ఆ బిడ్డకు రావలసింది ఏదో, కడుపులో పడ్డనాడే, మాకెవరికీ భయం పుట్టకముందే వచ్చేసింది. అదేమిటో తెలియవలసి ఉన్నది ఇక మాకే.