ఏడుపును తెలుగులోకి మార్చే ఫోను

ఒక్క రోజులో మా ఆయన్ను తిరుపతి నుంచి పరుగులు పెట్టించి, మా అమ్మ చేత కన్నీళ్లు పెట్టించి, పాలు తాగే పసిదానికి లేని ఆకలి పుట్టించి ఉన్న నిద్ర పోగొట్టిన మహాతల్లిని నేనే. ఎలాగో చెబుతాను. నవ్వండి గానీ మెల్లగా నవ్వండి, పక్కనే బిడ్డ పడుకుంది.

కాన్పుకు వడమాలపేటలో పుట్టింటికి వచ్చాను. నా పాలు బిడ్డకు చాలవేమోనన్న భయం నాతో పాటే మంచం ఎక్కేది, నాతో పాటే దిగేది. ఇంజినీరింగ్ చదివినదాన్ని కదా, భయానికీ ఒక యాప్ ఉంటుందని వెతికాను. ఉంది! బిడ్డ ఏడుపు విని, అది ఆకలో, కడుపునొప్పో, నిద్రమత్తో తెలుగులో చెప్పేస్తుందట. పాత ఫోను ఉయ్యాల పక్కన కిటికీలో పెట్టాను. నా ఫోను నా చేతిలో. ఏడుపు అక్కడ, తీర్పు ఇక్కడ!

"ఏందే అది?" అంది అమ్మ.

"బిడ్డ ఎందుకు ఏడస్తా ఉండాదో చెప్తాదిమా."

"ఓహో. దానికెంతమంది పిల్లోళ్లు?"

మర్నాడు పొద్దున టిఫిన్ ముందు కూర్చున్నానో లేదో, ట్రింగ్! "బిడ్డకు ఆకలి." దోసె వదిలి పరుగెత్తాను. బిడ్డ హాయిగా నిద్రపోతోంది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిందని నాకు నేనే తేల్చేసుకుని, లేపి పాలిచ్చాను. మూతి తిప్పుకుంది. పడుకోబెట్టి వచ్చానా, మళ్లీ ట్రింగ్! మళ్లీ లేపాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో యాప్ చెప్పందే అమ్మ పెట్టదు, చెబితే అడక్కపోయినా పెడుతుంది.

"మేయ్, పండుకున్న బిడ్డను లేపి పాలిస్తారా ఎవురన్నా? అది ఏడ్చనే లేదు. నేను ఈడే ఉండాను గదా!"

"నీకు ఇనపడలేదుమా. దానికి ఇనపడింది."

"అంటే నాకు చెవుడా?"

"నీ చెవులు పాతవి."

అమ్మ వంటింట్లోకి పోయి సంగటి కెలికింది. ఆ కెలుకుడంతా సంగటికి కాదు, అందులో నా వాటా చాలా ఉంది.

మధ్యాహ్నానికి ఫోను కొత్త తీర్పు చెప్పింది: "తల్లిపాలు సరిపోవడం లేదేమో, గమనించండి." అయిపోయింది! ఇన్నాళ్లు నా కడుపులో దాచుకున్న మాట పరాయి నోట విన్నట్టయింది. వెక్కుతూ మా ఆయనకు ఫోన్ చేశాను.

"బిడ్డ ఏం చేస్తా ఉండాది?"

"నిద్రపోతా ఉండాది."

"మరి?"

"ఆకలితో నిద్రపోతా ఉండాది!"

"ఆకలైతే నిద్రెట్ల పడతాది హేమా?"

"పాలడబ్బా తెస్తావా, తేవా?"

బండి రోడ్డు మీద వచ్చిందో, గాల్లో వచ్చిందో! డబ్బాతో, పాలసీసాతో దిగాడు. వాటిని చూడగానే అమ్మ కళ్లల్లో నీళ్లు. "నా బిడ్డకు పాల్లేవని ఎవురు చెప్పినారప్పా? ఫోనా?"

పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. డబ్బాపాలు తాగి ఎంతమంది పిల్లలు పెరగలేదు! అయినా ఆ డబ్బా మూత మీద వేసిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. ఇది తీస్తే తల్లిగా నేను ఫెయిలైనట్టే అనిపించింది.

సరిగ్గా అప్పుడు గదిలోంచి సన్నగా ఒక 'క్యార్'. నా బుర్రకు అందేలోపే నా ఒంటికి అందింది. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది! మరి ఫోనో? "పరిసరాల శబ్దం. పట్టించుకోనక్కర్లేదు."

ఒక్క దూకులో పోయి బిడ్డను ఎత్తుకున్నాను. అది గుటకలు వేస్తుంటే అమ్మ మురిసిపోయింది. "పాల్లేవంటివే! గొంతు పట్టక మూతెంబడి కారతా ఉండాయి సూడు!"

అంతలో, ట్రింగ్! "బిడ్డకు ఆకలి."

ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. బిడ్డ నా ఒళ్లో, పాలు బిడ్డ నోట్లో.

"ఇంగెవురికత్తా ఆకలి?" అన్నాడు మా ఆయన.

అమ్మ కిటికీలోంచి కిందకు తొంగిచూసి, నేల మీద కూలబడి నవ్వసాగింది. కిటికీ కింద పక్కింటి రెడ్డెమ్మక్క గంప బోర్లించి ఉంది. తల్లిమేకను మేతకు తోలుకుపోతూ, పిల్లల్ని ఆ గంప కింద మూసి పోతుందామె. లోపలి నుంచి ఒకటి "మ్యా" అంది. ట్రింగ్!

ఆ అరుపు పొద్దుటి నుంచి నాకూ వినపడుతూనే ఉందండీ! మేకపిల్లేనని చెవి చెప్పింది కూడా. కానీ చెవి చెప్పే మాటకు ట్రింగ్ ఉండదు కదా!

సాయంత్రం రెడ్డెమ్మక్క వచ్చి, కథంతా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "ఫోను తప్పు జెప్పలేదు మే. మా చిన్న మేకపిల్లకు తల్లికాడ పాలు సాలడం లే. నిన్నట్నుంచీ అరస్తానే ఉండాది."

మా ఆయన డబ్బాపాలు కలిపి సీసా ఆమె చేతికిచ్చాడు. మేకపిల్ల తోకాడిస్తూ చివరి చుక్కదాకా చప్పరించి అరుపు ఆపింది. కిటికీలో ఫోను మళ్లీ మోగింది: "అభినందనలు! మీ బిడ్డ కడుపు నిండింది."

అందుకని రెడ్డెమ్మక్క గంప మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై నా బిడ్డ ఏడుపు నా చెవులతోనే వింటాను. ఎన్ని ట్రింగులు మోగినా నిద్రపోయే బిడ్డను లేపను. మా అమ్మ చెవుల జోలికి అసలే పోను.

మరి ఆ యాప్ తీసేశావా అంటారా? ఆ రోజే తీసేయబోయాను. రెడ్డెమ్మక్కే తీయనివ్వలేదు.

"ఉండనీ మే. ఇంగో మేక ఈనేట్టుండాది."