మరకతోనే తేవాలి

చెల్లెలితో పంతానికిపోయి మాటలు మానేసిన, చర్చి బట్టలు ఉతికే ఇస్త్రీ అక్క, ఆ చెల్లెలు కన్నుమూశాక ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లడమే మానేసింది. ఆయన పిలిచినప్పుడల్లా, "ముందు నా నోరు కాస్త బాగుపడనివ్వండి, అప్పుడొస్తా" అనేది.

ఒకరోజు ఆయన ద్రాక్షారసం ఒలికిన బలిపీఠం గుడ్డ తెచ్చాడు. చూస్తూనే ఆమె అగ్గిమీద గుగ్గిలమైంది.

"వేడినీళ్లతో రుద్దారా? మరక ఇంకా లోపలికి దిగిందిగా!"

"కాస్త బాగుచేసి తెద్దామనుకున్నానమ్మా."

"బాగుచేయడానికి నేను లేనూ? మరకతోనే తేవాలి ఫాదర్!"

"మరి నువ్వు బాగుపడ్డాకే వస్తానంటావేం?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే అక్క ఈసారి గుడ్డను చన్నీళ్లలో నానేసి, తడిచేతులతోనే ఆయన వెనక చర్చికి నడిచింది. మోకరించి, మొదట చెల్లెలి సంగతే చెప్పింది.

తిరిగి వచ్చేటప్పటికి మరక కొంచెం వదిలింది. "ఇంకో రెండు ఉతుకులు పడతాయిలే" అనుకుంటూ నీళ్లు మార్చింది.