స్నానం చేయమన్నది నేనే

నాలుగేళ్లపాటు ఒకామె నన్ను మంచివాడనుకుంది. ఇంతకంటే బరువైనది నేనేదీ మోయలేదు. ఏటా రాఖీ రోజున మెసేజ్ వచ్చేది: ‘ఆ రోజు మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో అన్నా.’ చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపేవాణ్ని. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బహ్రెయిన్‌లో నేను సేఫ్టీ ఇంజనీరుని. మా కాలేజీ కుర్రాళ్లం హూరాలో ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది ఒక సీనియర్. అందరికీ అతను ‘అన్న’. హాస్టల్లో నేర్చుకున్న పద్ధతే ఇక్కడా నడిచింది: అన్న మాట దాటకూడదు, మనలో సంగతి బయటికి పోకూడదు. నాకు జ్వరమొస్తే గంజి కాచి పోసిందీ అతనే. అతన్ని వెనకేసుకు రావడానికి ఇది రాయడం లేదు. అంత తేలిగ్గా ఎలా లొంగిపోయానో నాకే అర్థం కావాలి.

ఒక శుక్రవారం జల్లాఖ్‌లో, సముద్రం పక్కన విల్లా అద్దెకు తీసుకుని పిక్నిక్ పెట్టుకున్నాం. ఆమె నాకు కాలేజీలో జూనియర్. అన్న పనిచేసే కంపెనీలోనే కొత్తగా చేరింది. మనవాళ్లే కదా అని నేనే పిలిచాను. భోజనాలయ్యాక తలనొప్పిగా ఉందని ఆమె లోపల పడుకుంది. మేం నీళ్లలో దిగాం.

“ఏరా సేఫ్టీ, హెల్మెట్ లేకుండా దిగావేంట్రా!” అని ఎవడో అరిస్తే నవ్వాను. అన్న మాతో లేడని గమనించాను. గమనించి కూడా ఈదుతూనే ఉన్నాను.

తర్వాత ఐసు కోసం లోపలికి వెళితే, అన్న ఆ గదిలోంచి బయటికొస్తున్నాడు. నా భుజం తట్టి, “కాస్త చూసుకోరా” అని వెళ్లిపోయాడు. లోపల ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఏడుస్తోంది.

“గడియ పెట్టేశాడన్నా. వద్దంటున్నా వినలేదు, బలవంతం చేశాడు. అరిచాను. మీకెవరికీ వినపడలేదా?”

నీళ్లసీసా అందించాను.

“పోలీసుల దగ్గరికి తీసుకెళ్లండన్నా.”

“తీసుకెళ్తానమ్మా. ముందు స్నానం చెయ్యి, ఈ బట్టలు మార్చుకో. ఇలా వెళ్తే నిన్నే పది మాటలంటారు. నీ వీసా కూడా పోతుంది.”

“నిజంగానా?”

“నేను చూసుకుంటాగా.”

సైటులో ప్రమాదం జరిగితే ఏం చేయాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చోటు మూసెయ్యాలి. ఏదీ కదపకూడదు, కడగకూడదు. చూసినవాళ్లు చూసింది చూసినట్టు చెప్పాలి. ఆ మధ్యాహ్నం వాటిలో ఒక్కొక్కటీ తెలిసే తలకిందులు చేశాను. ఆమె స్నానం చేస్తుంటే ఆ బట్టలు, దుప్పటి మెషీన్‌లో వేశాను. వీసా మాట నిజమో కాదో నాకు తెలియదు. ఆమె భయపడుతుందని మాత్రం తెలుసు.

తర్వాత, పోలీసుల సంగతి రేపు చూద్దామని చెప్పి ఆమెను రిఫాలో తన గది దగ్గర దింపాను. దారిలో టీ తాగించాను. అలా మంచివాణ్నయ్యాను.

కొన్నాళ్లకు ఆమె ధైర్యం చేసి కంపెనీలో ఫిర్యాదు చేసింది. ఆధారాలేమున్నాయని అడిగారు. ఏమీ లేవు. నన్ను పిలిచి అడిగితే, నీళ్లలో ఉన్నాను, ఏమీ చూడలేదన్నాను. ఆమెకు మాత్రం తెలిసిందంతా చెప్పానన్నాను. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది.

ఎందుకు చేశాను? భయమా? అతనికి రుణపడి ఉన్నాననా? ఇన్నాళ్లూ ఈ రెంటి మధ్యే తిరిగాను, ఎందుకంటే రెండూ కాస్త గౌరవమైన కారణాలే. అసలుది వేరు. ‘చూసుకోరా’ అన్నప్పుడు, ఇంతమందిలో అన్న నన్నే నమ్మాడని నాకు గర్వమనిపించింది. ఆమె ఏడుస్తుండగా. అదే గుమ్మంలో.

పోయిన నెల అన్న మళ్లీ పిక్నిక్ అన్నాడు. కొత్తగా వచ్చిన ఇంకో జూనియర్ అమ్మాయిని పిలవమన్నాడు. “నువ్వు పిలిస్తే నమ్మి వస్తార్రా” అని నవ్వాడు. నేను పిలవలేదు. ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పి, ఫ్లాట్ ఖాళీ చేశాను.

నిన్న ఇదంతా ఆమెకు రాసి పంపాను. అందులో పేర్లున్నాయి, నా పేరుతో సహా. ఎవరికైనా చూపించుకోమన్నాను. ఎక్కడికి రమ్మన్నా వచ్చి చెబుతానన్నాను. క్షమించమని అడగలేదు. అడిగితే ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టే.

సాయంత్రం ఒక్క ప్రశ్న వచ్చింది: ‘కడిగితే ఏమవుతుందో మీకు అప్పుడే తెలుసా?’

‘తెలుసు’ అని పంపాను.

ఆ సంగతిలో ఆమె అడిగినదానికి నేను చెప్పిన మొదటి నిజం అదే. ఆమె ఇంకేమీ రాయలేదు. నాకు మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది.