విత్తనపు కాయ, గ్రాఫిక్స్ కార్డు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, మా అన్నయ్యకు చేతిలో ఉంటుంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్లు తలలు పగలకుండా ఎలా బతికామో మా అమ్మకే తెలియాలి.

మా ఊరు గుంటూరుకు గంట దూరం. ఇంట్లో అందరిదీ మిరప పని, నాది కంప్యూటర్లో బొమ్మల వీడియోలు చేసే పని. ఆ బరువంతా మోసేది గ్రాఫిక్స్ కార్డు. అది వేడెక్కిందంటే ఆగిపోతుంది, అప్పటిదాకా చేసింది గంగపాలవుతుంది. అందుకని పొడిచే గేదెతో ఉన్నట్టు దాంతో జాగ్రత్తగా ఉండేదాన్ని. నెలకోసారి విప్పి బ్లోయర్‌తో దుమ్ము ఊదేదాన్ని, చిప్పు వేడిని లాగే పేస్టు ఎండిపోతే తుడిచి కొత్తది పూసేదాన్ని. వోల్టేజీ కొంచెం కొంచెం తగ్గిస్తూ, ఎక్కడ మొరాయిస్తుందో చూస్తూ, మూడు రోజులు తంటాలు పడి దాని వేడిని డెబ్బై డిగ్రీలకు దించాను.

అప్పుడే గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆస్పత్రి వాళ్ల ప్రకటన వీడియో చేసే పని దొరికింది. నా మొదటి పెద్ద పని. మర్నాడు పొద్దున్నే ఇవ్వాలి. అది కూడా కాకపోతే గది ఖాళీ చెయ్యి, బస్తాలు వేసుకుంటాం అని నాన్న ముందే తేల్చి చెప్పాడు.

రెండు రోజులుగా ముసురు. మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి స్క్రీను నల్లగా ఉంది. కార్డు తొంభై డిగ్రీలు దాటి ఆగిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. బల్ల వెనక్కి వంగి చూస్తే అర్థమైంది. కిటికీ మూసి ఉంది, నేను పెట్టిన టేబుల్ ఫ్యాను ఆపేసి ఉంది. క్యాబినెట్ వెనక గోనెపట్టా పరిచి, గాలి బయటికి వచ్చే చిల్లుల దాకా మిరపకాయలు పోసి ఉన్నాయి. వచ్చే ఏడు నారు పోయడానికి అన్నయ్య చేలో ఒక్కో కాయ ఏరి పెట్టుకున్న విత్తనపు కాయ అది. వానకు తడిసింది. ఎండ లేదు కదా, నా కంప్యూటర్ వెనక వేడిగాలి ఉంది కదా అనుకున్నాడు మహానుభావుడు.

ఒళ్లు మండిపోయింది. కాలితో ఒక్క తన్ను తన్నాను. కాయలు గదంతా చెదిరాయి. అప్పుడే అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"పంటను కాలితో తంతావటే?"

చెంప మీద కొట్టిన దెబ్బకు మంచం కోడు మీద పడ్డాను. పెదవి చిట్లింది. లేస్తూనే బ్లోయర్ అందుకుని స్విచ్ వేశాను. గోనెపట్టా మీదున్న గింజలు, తొక్కలు, కారపు దుమ్ము, అన్నీ లేపి వాడి ముఖం మీదికి ఊదాను. తెలిసే చేశాను. వాడు కళ్లు మూసుకునే నా జుట్టు దొరకబుచ్చుకుని తలను గోడకేసి కొట్టాడు. నేను వాడి మణికట్టు రక్తం వచ్చేదాకా కొరికాను. అమ్మ వచ్చి మా ఇద్దరి మీదా బిందెడు నీళ్లు కుమ్మరించాక గానీ విడిపోలేదు.

అన్నయ్య నేల మీద కూలబడి కళ్లు పట్టుకుని మూలిగాడు. అమ్మ వాడి కళ్లలో పాలు పోస్తుంటే తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. ఆటో వచ్చాక, అమ్మ కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, గుమ్మం తడుముకుంటూ ఒక్క మాట అన్నాడు.

"నేను పోంగానే కిటికీ తెరుస్తావేమో, తెరవబాకే. జల్లు పడితే విత్తనం పోద్ది."

వాళ్లు వెళ్లగానే కిటికీ బార్లా తెరిచాను. కార్డులో ఇరుక్కున్న తొక్కలు ఊది, పని మొదటి నుంచి మొదలుపెట్టాను. చెదిరిన కాయలు గోనెపట్టా మీదికి ఊడ్చి హాల్లోకి ఈడ్చడానికి పది నిమిషాలు చాలు. ఈడ్చలేదు. కాయల మీద జల్లు పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. పెదవి సలుపుతోంది, ఆ సలుపే నాకు న్యాయంగా తోచింది.

పొద్దున్నే వీడియో పంపాను. ఆస్పత్రి వాళ్లకు నచ్చింది. గది నాకే ఉండిపోయింది. విత్తనపు కాయకు మాత్రం తెల్లగా బూజు పట్టింది, ఆ రకం మళ్లీ మా చేలో వేయలేదు.

అన్నయ్య వారం రోజులు కంటికి కట్టుతో తిరిగాడు. కట్టు విప్పిన రోజు నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేను గొడవకు సిద్ధపడే లేచాను. వాడు కంప్యూటర్ వైపు చూపించి, ఇప్పుడు వేడెక్కట్లేదు గదా అని అడిగాడు. లేదన్నాను. సరేనని తల ఊపి చేలోకి పోయాడు.

రెండో చెంప కూడా వాయించి పోయినా ఇంత బాధ ఉండేది కాదు.