పాదాల దగ్గర మొదలుపెట్టమంది పుస్తకం

కరోనా రెండో అల తగ్గిన మరుసటి వేసవిలో నన్ను కర్నూలులోని మా ట్రస్టు ఆసుపత్రి ఎముకల విభాగం నుంచి కాన్సర్ విభాగానికి మార్చారు. నా హోదా ఫిజియోథెరపీ టెక్నీషియన్. వినడానికి గంభీరంగానే ఉంటుంది. అందరికంటే పైన డాక్టరు, ఆ కింద డిగ్రీ చదివిన ఫిజియోథెరపిస్టు, ఆ కింద నేను. నా కింద నూనె సీసా, తువ్వాలు.

కొత్త చోట నా పని నొప్పి ఉపశమన విభాగంలో రోగులకు మసాజ్ చేయడం. ఆ విభాగానికి అధిపతి మత్తు డాక్టరమ్మ. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్లే చాలా ఆసుపత్రుల్లో నొప్పి వైద్యం కూడా చూస్తారు. వయసులో ఆమె నాకంటే చాలా చిన్న. మొదటి రోజే కూర్చోబెట్టి విషయం తేల్చి చెప్పారు. మసాజ్‌తో గడ్డ కరగదు, ఆయుస్సు పెరగదు. కాస్త నొప్పి తగ్గి, కాస్త నిద్ర పట్టి, రోగి అసలు చికిత్సను తట్టుకోగలిగితే మన పని అయినట్టే. అంతకు మించి ఎవరికీ మాట ఇవ్వకండి అన్నారు.

నేను తల ఊపాను గానీ, ఈ సంగతులన్నీ నాకు ముందే తెలుసని ఆమెకు తెలియజేయాలని మనసు కొట్టుకుంది. నేను కడపలో పుట్టి, ఇంటర్ తప్పి, ఆ తర్వాత గ్రంథాలయంలో పాసైన మనిషిని. ఉద్యోగం ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరి గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకున్నాను. బదిలీ ఖాయమైన రోజు నుంచే నిఘంటువు పక్కన పెట్టుకుని కాన్సర్ రోగుల మసాజ్ గురించి దొరికిన ఇంగ్లీషు పుస్తకమల్లా చదివాను. చదివినదాన్ని తెలుగులో పెట్టాను కూడా. అసలు వైద్యానికి తోడుగా చేసేదానికి 'పరిపూరక చికిత్స' అన్న మాట నాకు నేనుగా కుదుర్చుకున్నాననే అనుకున్నాను. ఎవరైనా అంతకుముందే వాడి ఉంటే నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

మసాజ్ అంటే మన వైపు గుర్తొచ్చేది ఒళ్ళు విరిగేలా పిసకడం. ఈ విభాగంలో దానికి పూర్తిగా వ్యతిరేకం. పసిబిడ్డ ఒంటికి నూనె రాసేటప్పటి ఒత్తిడి చాలు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే చిన్న ఒత్తిడికే చర్మం కమిలిపోతుంది, అందుకని రిపోర్టు చూడకుండా చెయ్యి వేయకూడదు. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే దాన్ని తాకకుండా డాక్టరుకు చెప్పాలి, లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. గడ్డ ఉన్న చోటు, రేడియేషన్ పడే చర్మం మన పరిధిలోకి రావు. ఇన్ని కట్టుబాట్లు ఉండబట్టే నేను చదివిన పుస్తకాలు పాదాల దగ్గర మొదలుపెట్టమన్నాయి. అక్కడైతే సూదులూ గొట్టాలూ అడ్డం రావు, రోగి బట్టలు కూడా తీయనక్కర్లేదు.

ఆ పుస్తకాల్లో ఇంకొకటి కూడా రాశారు. ఒళ్ళు పిసికితే కాన్సర్ మిగతా చోట్లకు పాకుతుందని రోగులు భయపడతారట. ఆ భయం తీర్చడానికి నేను ఒక చిన్న ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నడక వల్ల కూడా రక్తం వేగంగా పారుతుంది కదా, నడిచినవాళ్ళకు కాన్సర్ పాకుతోందా అన్న ప్రశ్నతో అది మొదలవుతుంది. స్నానాల గదిలో రెండు మూడుసార్లు చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది.

ఆ ఉపన్యాసం మొదట విన్నది ఈరన్న. మంత్రాలయం రైల్వేస్టేషను నుంచి మఠానికి యాత్రికులను చేరవేసే ఆటో అతనిది. నలభై దాటి ఉంటాయి. గుట్కా వల్ల దవడకు కాన్సర్ వచ్చి, ఆపరేషను అయి, రేడియేషను మొదలైంది. రేడియేషను గదిలో రోగి తల కదలకుండా ముఖానికి జల్లెడ లాంటి ప్లాస్టిక్ తొడుగు వేసి బల్లకు బిగిస్తారు. బయట కర్నూలు ఎండ మాడుస్తుంటే లోపల ఏసీకి పళ్ళు కొట్టుకుంటాయి. తొడుగు బిగించగానే ఈరన్నకు ఊపిరి ఆడనట్టయి చెయ్యెత్తి ఆపమంటున్నాడు. మాత్ర ఇచ్చినా అంతే. బల్ల మీద కదలకుండా పడుకోకపోతే రేడియేషను ఇవ్వలేరు, మధ్యలో ఖాళీలు పడితే గడ్డకు మళ్ళీ బలం వస్తుంది. ఒళ్ళు కాస్త వదులైతే పడుకుంటాడేమోనని డాక్టరమ్మ నన్ను పంపారు.

"నమస్కారం ఈరన్నా. నీకు పరిపూరక చికిత్స చేయడానికి వచ్చాను" అన్నాను.

ఈరన్న భార్య వైపు చూశాడు. ఆమె పేరు ఉరుకుందమ్మ. "అంటే ఏం సార్, సూదియా?" అంది.

"కాదమ్మా, మసాజ్."

"అట్ల సెప్పచ్చు కదా! మనిషి బెదురుకుండె."

రిపోర్టు చూశాను, కాళ్ళలో వాపు లేదని చూసుకున్నాను, ఉపన్యాసం ఇచ్చాను. ఈరన్న కళ్ళు మూసుకుని విన్నాడు. శ్రద్ధ అనుకున్నాను. నిద్రపోయాడని ఉరుకుందమ్మ తర్వాత చెప్పింది. నేను మంచం చివరికి వెళ్ళి, దుప్పటి మడిచి, అరచేతుల్లో కొబ్బరినూనె వేడి చేసుకుని, అతని రెండు పాదాలూ పట్టుకున్నాను.

కరెంటు షాకు కొట్టినట్టు లేచి కూర్చున్నాడు. "ఏం సార్ ఇది! పెద్దోరు! ఇడ్సండి సార్, ఇడ్సండి!" అంటూ కాళ్ళు లాక్కుని, మంచం మీంచి వంగి నా కాళ్ళు అందుకోబోయాడు. చేతికున్న సెలైను గొట్టం అంత పొడవు లేదు. సూది ఊడి, దుప్పటి మీద రక్తం పడి, స్టాండు నా భుజం మీదికి ఒరిగింది. వార్డు సిస్టర్ పరుగెత్తుకొచ్చి, ఒక చేత్తో స్టాండు, ఇంకో చేత్తో పేషెంటును పట్టుకుని, "సార్, మిమ్మల్ని మసాజ్ చెయ్యమన్యారా, కుస్తీ పట్టమన్యారా?" అంది.

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకుంటే చిన్నవాళ్ళకు ఆయుస్సు తగ్గుతుందని సీమలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. ఈస్టరుకు ముందు గురువారం మా చర్చిలో పాస్టరుగారు, ఏసు శిష్యులకు చేసినట్టు, పాదాలు కడుగుతానంటే మా అమ్మ చీర కుచ్చిళ్ళలోకి కాళ్ళు లాక్కునేది, ఆయన వయసులో పెద్ద అని. ఇది పుస్తకంలో లేదు. పుస్తకంలో లేనిది నేను కొన్నాళ్ళుగా ఆలోచించడం మానేశాను. నెరిసిన తలతో వెళ్ళి, ఎన్నాళ్ళు బతుకుతాడో తెలియని మనిషి ఆయుస్సును అందరి ముందూ కోసేసి వచ్చాను.

మర్నాడు ఈరన్న రేడియేషనుకు కదల్లేదు. దవడ పూర్తిగా తెరుచుకోదు కాబట్టి పళ్ళ మధ్య నుంచే మాట్లాడేవాడు. "ఉండేదే రవ్వంత ఆయుస్సు. దాన్ని గూడా సార్ తగ్గిచ్చిడ్సె. ఇంగ ఆ మిషనెందుకు? ఊరికి పోతాం" అన్నాడట. ఉరుకుందమ్మ సంచి సర్దుతూ ఉందని సిస్టర్ కబురు చేసింది. డాక్టరమ్మ నన్ను పిలిపించారు. కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. రేపు ఆ మనిషి బల్ల ఎక్కాలి, ఎలాగో మీరు చూడండి అన్నారు.

ముందు తర్కం ప్రయోగించాను. ఆయుస్సుకూ పాదాలకూ సంబంధం లేదని ఎక్కడెక్కడ రాశారో చెప్పాను. ఈరన్న గోడవైపు తిరిగాడు. తర్వాత అబద్ధం ప్రయోగించాను. నేను నువ్వనుకున్నంత పెద్దవాణ్ణి కాదు, మా ఇంట్లో జుట్టు తొందరగా నెరుస్తుంది అన్నాను.

"పళ్ళు గూడా తొందరగా ఊడిపోతాయా సార్ మీ ఇంట్లో?" అంది ఉరుకుందమ్మ, సంచి ముడి వేస్తూనే.

గోడవైపు నుంచి ఈరన్న నవ్విన చప్పుడు వచ్చింది. ఆ ధైర్యంతో, మరి ఏం చేస్తే పోతుందమ్మా ఇది అని అడిగాను. ఈ విభాగంలోకి వచ్చాక నేను ఒక రోగి తరఫువాళ్ళను నిజంగా అడిగిన మొదటి ప్రశ్న అదే.

"పెద్దోరు తల మీద చెయ్యి పెట్టి దీవిస్తే పోతాది. నీకు తెలీదా సార్, యా ఊరు మీది?"

"కడప."

"కడపలో పెద్దోరు దీవించరా?"

అక్కడ నాకొక ఇబ్బంది ఎదురైంది. దీవెన అంటే నిండు నూరేళ్ళు అనాలి. డాక్టరమ్మ ఎవరికీ మాట ఇవ్వవద్దన్నారు. పైగా అతని ఫైలు నేను చూశాను. రేడియేషను పూర్తయినా ఎంతకాలమో ఎవరూ చెప్పలేని ఫైలు అది. నా మీద ఆశపెట్టుకున్న మనిషికి అబద్ధం చెప్పడమా, చెప్పక ఊరికి పంపడమా అని నిలబడిపోయాను. నేను చదివినవాటిలో దీనికి జవాబు దొరుకుతుందేమోనని మనసులో వెతుక్కున్నాను కూడా. ఈలోగా ఉరుకుందమ్మకు ఓపిక అయిపోయింది.

"దీవెన ఏమన్నా బీరువాలో పెట్టి తాళం ఏసినారా సార్? ఒక మాటకు ఇంత ఆలోచనా?"

చేతులు తుడుచుకుని, ఈరన్న నడినెత్తి మీద అరచెయ్యి పెట్టాను. రేడియేషను పడేది దవడకూ మెడకూ, నడినెత్తి వాటికి దూరంగానే ఉంది. "చల్లగుండు నాయనా" అన్నాను. మా అమ్మ అందరినీ అలాగే దీవించేది. అందులో ఏళ్ళ లెక్క లేదు. చెయ్యి వెంటనే తీయబోతే ఈరన్న తల అరచేతికి ఇంకొంచెం ఆనింది. అందుకని అలాగే ఉంచాను. చెవుల దాకా ఎగదన్నుకుని ఉన్న అతని భుజాలు మెల్లగా దిగాయి. కదలకుండా చెయ్యి ఆనించి ఉంచడం కూడా మసాజ్‌లో ఒక పద్ధతేనని నేను చదివే ఉన్నాను, అప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

"నూరేండ్లు అనలే" అంది ఉరుకుందమ్మ.

"సాల్లే, ఊరికే ఉండు" అన్నాడు ఈరన్న కళ్ళు తెరవకుండా.

ఆమె సంచి ముడి విప్పలేదు గానీ మంచం కిందికి తోసింది. పాదాల మాట మళ్ళీ నేను ఎత్తలేదు, ఆమే ఎత్తింది. మొగుడి కాళ్ళు పట్టే హక్కు ఆమెకు ఉంది, దానివల్ల ఎవరి ఆయుస్సుకూ నష్టం లేదు. కాకపోతే ఆమె పట్టు చూసి నేనే భయపడ్డాను. చేనిలో కలుపు పీకే చేతులు. మెల్లగా, నూనె జారినట్టు పోవాలని చూపించాను.

"ఇన్నేండ్లూ గట్టిగా పట్టలేదని తిట్టె ఈయప్ప. ఇప్పుడు మీరొచ్చి మెల్లగా పట్టమంటాండారు. ఎవురి మాట ఇనాల నేను?"

"సార్ మాట ఇను" అన్నాడు ఈరన్న.

మర్నాడు రేడియేషను గది బయట బెంచీ మీద నేను తల, చేతులు చూశాను, ఆమె పాదాలు చూసింది. తర్వాత అతను లోపలికి వెళ్ళాడు. ఆ గదిలోకి మేం వెళ్ళకూడదు. బయట టీవీలో బల్ల కనిపిస్తుంది. తొడుగు బిగించారు. చెయ్యి ఒకసారి లేవబోయింది. ఉరుకుందమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, నేను నేర్పింది ఏమీ ఆమెకు అప్పుడు గుర్తు లేదు. చెయ్యి మళ్ళీ బల్ల మీదికి దిగి, యంత్రం ఆగేదాకా అక్కడే ఉంది.

మిగిలిన రేడియేషను అంతా ఈరన్న పూర్తిచేశాడు. గడ్డ సంగతి రేడియేషనే చూసుకుంది. అందులో నా వంతు అతను కదలకుండా పడుకోవడం వరకే, అదీ సగం. తర్వాత చెకప్‌లకు వచ్చి ఆటో మళ్ళీ నడుపుతున్నానని చెప్పాడు. ఆ తర్వాత నేను రిటైరయ్యాను కాబట్టి ఇప్పటి సంగతి తెలియదు.

ఆ ఘటన తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ కొత్త రోగి దగ్గర మొదట చేతులు వెనక్కి కట్టుకుని, నేను ముట్టుకుంటే ఏమవుతుందని అనుకుంటున్నావు అని అడిగి ఆగేవాణ్ణి. కాన్సర్ పాకుతుందని చెప్పినవాళ్ళు ఉన్నారు గానీ తక్కువ. నా కులం అడిగినవాళ్ళున్నారు. ఆపరేషను మచ్చ చూస్తానేమోనని సిగ్గుపడినవాళ్ళున్నారు. ఎక్కువమంది చెప్పిన జవాబు చక్కిలిగిలి. దానికి పద్ధతి సులువు. వేళ్ళతో తాకకుండా అరచెయ్యి మొత్తం ఒక్కసారి ఆనించి, వాళ్ళ నవ్వు ఆగేదాకా కదలకుండా ఉండాలి.